చాటెడు తవుడు

నా మీద చల్లనీళ్లు పడితే నేను వణకను. చలికాలం తెల్లవారుజామున నెత్తిన చెంబెడు నీళ్లు కుమ్మరించినా నా ఒళ్లు కదలదు. మా ఇంట్లో ఇదొక వినోదం. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో భయపడి, నరాల డాక్టరుకు చూపిద్దామని కూడా అన్నది. ఇప్పుడు మనవరాలికి అదే ఆట. చప్పుడు కాకుండా వెనక నుంచి వచ్చి, మెడ మీద గ్లాసెడు నీళ్లు పోసి, నా మొహంలోకి తొంగి చూసి, "నానమ్మ ఇయ్యాల కూడ వణకలే" అని అందరికీ చాటింపు వేసి పోతుంది.

మొన్న ఆదివారం మా అబ్బాయి పొద్దున్నే కారు కడిగి, "అమ్మా, తయారుగా, చెరువులు చూసొద్దాం" అన్నాడు. ఇది వాడికి కొత్తగా పట్టిన పిచ్చి. వాడిననేం లాభం, సిద్దిపేట మొత్తానికీ పట్టింది. ఊళ్లో చెరువు చుట్టూ దీపాలూ, పడవలూ. ఊరు దాటితే అవతలి ఒడ్డు కనబడని జలాశయాలూ, వాటి కట్టల మీద నున్నటి తారు రోడ్లూ. సెలవొస్తే చాలు, జనం కార్లేసుకుని పోయి ఫొటోలు దిగి, కట్ట కింద కాల్చిన మక్కకంకులు తిని వస్తారు.

"నేను రాను, నాకు నీళ్లంటే భయం" అన్నాను.

"చల్లనీళ్లకు వణకవు గాని చెరువును చూస్తే భయమా?" అని నవ్వాడు.

ఆ రెండూ ఒకటే భయమని వాడికి తెలియదు. తెలియాలంటే, చిన్నప్పుడు నన్ను చెరువు కట్ట మీద నిలబెట్టి కొనుక్కున్న సంగతి చెప్పాలి. కారు బయలుదేరే వేళ చెప్పే కథ కాదది. నోరు మూసుకుని ఎక్కి కూర్చున్నాను.

మాది దుబ్బాక పక్కన నేతపని ఇల్లు. తలుపు తీయగానే గంజి వాసన, రంగుల వాసన, గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న బాపు. నాకంటే ముందు నన్ను కన్న అవ్వకు ముగ్గురు పుట్టి, ముగ్గురూ పాలు మరవకముందే పోయారు. నేను పుట్టగానే బాపమ్మ, అంటే బాపును కన్నతల్లి, నన్ను ఇంట్లో ఉంచనివ్వలేదు. పురిటి స్నానం కాగానే ఎత్తుకుని అవ్వ పుట్టింటి ఊరికి పోయింది. అక్కడ రాజుల కాలంలో కట్టిన పెద్ద చెరువుంది. కట్ట మీద మైసమ్మ గద్దె ఉంది. నన్ను చాటలో పడుకోబెట్టి ఆ గద్దె మీద పెట్టి, "తల్లీ, ఇది మా పిల్ల కాదు, నీ పిల్ల. ఏడేండ్లు నీ పేరు మీద సాదుకుంట. మళ్ల నీ కాడికే తెస్త" అని మొక్కిందట.

ఆ మొక్కులో ఇంకో సగం ఉంది. ఏడేళ్లు నిండాక పిల్లను తీసుకుపోయి, అమ్మకు చీరా, యాటా అంటే బలి మేకపోతూ ఇచ్చి, గద్దె మీద చాటెడు తవుడు పోసి, ఆ పిల్లను అమ్మ దగ్గర కొనుక్కుని తెచ్చుకోవాలి. ఆ రోజు నుంచే ఆ పిల్ల ఇంటి పిల్ల. మా దిక్కున ఇది తెలియని మనిషి లేడు. అందుకే నాకు విడమర్చి చెప్పాలని ఎవరికీ తోచలేదు. నాకు తెలిసిందల్లా మొదటి సగమే.

అమ్మ సొత్తును కాబట్టి నన్ను ఎవరూ కొట్టేవారు కాదు. ఆ సుఖం నేను బాగానే అనుభవించాను. బాపు మగ్గంలో పోగు ఆడించే నాడెను తీసుకుపోయి బావిలో వేశాను. పడుగు పోగులు పండ్లతో కొరికాను. ఉట్టి మీది బెల్లం సగానికి సగం ఖాళీ చేశాను. బాపు చెయ్యెత్తేసరికి బాపమ్మ ఎక్కడున్నా పరుగున వచ్చేది.

"చెయ్యి దించు. అది అమ్మ సొత్తు. ఎవల పిల్ల మీద చెయ్యెత్తుతున్నవో ఎరుకేనా?"

బాపు పళ్లు నూరుకుంటూ మళ్లీ మగ్గంలో కూర్చునేవాడు. ఇదే పని చేసినందుకు పక్కింటి పిల్ల వీపు చింతపండు అయ్యేది. నేను గోడ మీద కూర్చుని చూసేదాన్ని.

మా ఇంట్లో ఇలా తిరిగేవాళ్లం ఇద్దరం. రెండోది మేకపోతు. దాని మెడలో ఎర్ర దారం, నా మెడలో ఎర్ర దారం. అదీ అమ్మ సొత్తే. గంజి గిన్నెలో మూతి పెట్టినా, ఆరేసిన తువ్వాల నమిలినా దాన్ని అదిలించేవారు కాదు. నేను సగం రొట్టె తిని సగం దానికి పెట్టేదాన్ని. ఎండపొద్దున దాని పొట్ట మీద తల పెట్టి పడుకునేదాన్ని. నాకు తోడబుట్టినవాళ్లు ఎవరూ మిగల్లేదు కదా, అదే నా తోబుట్టువు అనుకున్నాను.

మొక్కు యాటలకు చివరికి ఏమవుతుందో నేను చూడకపోలేదు. మా ఊరి పోశమ్మ దగ్గర ఏటా చూసేదాన్ని. పసుపు నీళ్లతో కడుగుతారు, వేపమండలు మెడలో వేస్తారు, నెత్తిన చల్లనీళ్లు పోస్తారు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. అది వణికేదాకా ఎవరూ ముట్టరు. వణికిందా, ఇక అంతే.

నాకు ఏడేళ్లు నిండిన ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. బాపు మగ్గం మీద ఎర్రంచు పచ్చచీర ఎక్కించాడు. ఎవరికని అడిగితే అమ్మకు అన్నాడు. చీర కోసి దించాక పడుగులో ఇంకా గుడ్డ మిగిలింది. దాంతో నాకు పరికిణీ కుట్టించారు. అమ్మకూ నాకూ ఒకే బట్ట. ఇంకో పీలిక చింపి మేకపోతు కొమ్ములకు కట్టారు. నేను పరికిణీ కట్టుకుని దాని పక్కన నిలబడ్డాను. దాన్ని చూశాను, నన్ను చూసుకున్నాను. ఎర్ర దారం, కొత్త బట్ట, దెబ్బలు లేని బతుకు, మంచి తిండి. అన్నీ ఒకటే.

పైగా అవ్వ కడుపుతో ఉంది. కొత్త పిల్ల వస్తోంది కాబట్టి పాతదాన్ని ఇచ్చేస్తున్నారని నాకు నేనే లెక్క తేల్చుకున్నాను.

మా మేనమామ కచ్చురం కట్టుకుని వచ్చాడు. పైన గూడున్న ఎడ్లబండి అది. కడుపుతో ఉన్న ఆడమనిషి కట్ట తొక్కకూడదని అవ్వను ఆపేశారు. నేను బండెక్కుతుంటే అవ్వ నన్ను పట్టుకుని వదల్లేదు. నా చెంపలు నిమిరి, ముక్కు చీది, మళ్లీ నిమిరింది.

"ఊకో. కడుపుల పిల్లకు మంచిగ కాదు. ఇయ్యాల్సింది ఇచ్చి, ఎల్లుండి పొద్దూకేసరికి ఇంట్ల ఉంట" అన్నది బాపమ్మ.

ఉంట అన్నది, ఉంటం అనలేదు. నేను ఆ మాట కూడా మనసులో పెట్టుకున్నాను. చెప్పొద్దూ, భయపడ్డ పిల్లకు చెవులు ఎక్కువ.

ఆ దారి గురించి చెబితే ఈ కాలం పిల్లలు నమ్మరు. ఊరు ఊరుకూ చెరువే. బండి ఒక కట్ట దిగేసరికి ఇంకో కట్ట కనబడేది. కట్టకు ఒక పక్క నీళ్లు, తామరలు, కొంగలు. ఇంకో పక్క పచ్చటి వరి. కట్ట పొడుగునా ఈతచెట్లు, రాతి తూములు, బొమ్మలు చెక్కిన పాత రాళ్లు. ఊరి మొదట్లో కూలిపోయిన బురుజు, దాని మీద ఎండబెట్టిన మిరపకాయలు. గాలి నిండా తడి మట్టి వాసన, కల్లు వాసన, ఎడ్ల వాసన. ఇంత అందమైన దారిలో నేను ఒక్కసారి కూడా సంతోషంగా ఊపిరి తీయలేదు. ప్రతి చెరువునూ ఇదేనా అని చూసేదాన్ని.

బాపమ్మ నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా వదల్లేదు. ఆమె అరచెయ్యి చల్లగా, తడితడిగా ఉంది. పారిపోతానని పట్టుకుంది అనుకున్నాను. ఏ కట్ట వచ్చినా బండి దిగి, చెప్పులు విడిచి, నన్నూ దింపి నడిపించేది. నీళ్లలో చిటికెడు పసుపు వేసి ఏదో గొణిగేది. ఆమెది ఒక్కపొద్దు. పచ్చినీళ్లు కూడా ముట్టలేదు.

మామ మాత్రం హుషారుగా ఉన్నాడు. అతనికి మాట్లాడకపోతే తోచదు.

"పిల్లా, గీ కట్ట సూసినవా? ఊకె నిలవలేదు గిది. ఎన్నిసార్లు పోసినా తెగుడే. ఆఖరుకు ఓ పిల్లను కట్టల వెట్టి మట్టి పోసిన్రట. గప్పటి సంది ఇంచు కదల్లే."

"గీ కట్టనేనా మామా?" అన్నాను.

"గీ కట్ట ఒక్కటే ఏంది, ఏ కట్టకు పోయినా గదే చెప్తరు."

బాపమ్మ కసిరింది. "నీకు మాటలు కరువైనయా? బండి నడుపు."

మామ నవ్వి ఎడ్లను అదిలించాడు. ఎడ్ల మెడ గంటలు మోగుతుంటే కింద మట్టిలో ఎవరో వింటున్నారనిపించి, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను.

సిద్దిపేటలో బండి ఆపారు. పెద్ద బజారు, లారీల హారన్లు, నూనెలో వేగుతున్న మిర్చీల వాసన. ఇంకోరోజైతే ఆ వాసనకే నాకు ప్రాణం లేచివచ్చేది. బాపమ్మ గాజుల అంగడిలో అమ్మకు పచ్చ గాజులు కొని, అవే గాజులు నా చేతికీ వేయించింది. పొట్లంలో మిర్చీలు తెచ్చి, సద్దిమూట విప్పి సర్వపిండి ముక్కలు ముందు పెట్టింది.

"తిను బిడ్డ, కడుపు నిండ తిను."

మొక్కు యాటకు ఇలాగే చెబుతారు. నేను ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలినట్టు నటించి, మిగతాదంతా వెనక్కి చెయ్యి చాచి మేకపోతుకు పెట్టాను. అది మిర్చీతో సహా తిన్నది. మండినట్టుంది, తుమ్మింది. మామ వెనక్కి తిరిగి చూసి, "అత్తమ్మా, యాటకు సలువ చేసింది" అన్నాడు. జలుబు కాదని నేను చెప్పలేదు.

పొద్దుగూకేవేళకు ఒక ఊళ్లో తెలిసినవాళ్ల అరుగు మీద దిగాము. అక్కడ పటం కథ చెప్పేవాళ్లు వచ్చి ఉన్నారు. చేర్యాలలో గీయించిన పొడుగాటి గుడ్డ పటం గుంజలకు కట్టి, కింది నుంచి కొంచెం కొంచెం విప్పుతూ, పుల్లతో బొమ్మలు చూపిస్తూ పాడుతున్నారు. పటమంతా ఎర్రటి ఎరుపు. అందులో అమ్మవారి కళ్లు మాత్రం తెల్లగా, చేరెడంతేసి. నేను ఎటు జరిగితే అటు చూస్తున్నాయి. జనమంతా కథలో మునిగిపోయి తలలూపుతున్నారు. నేను బాపమ్మ కొంగులో మొహం దాచుకున్నాను. ఎవరిని చూసి భయపడుతున్నానో వాళ్ల కొంగులోనే దాక్కున్నాను. ఇంకెక్కడ దాక్కుంటాను?

మర్నాడు పొద్దున, బాపమ్మ మొహం కడుక్కోవడానికి పోయినప్పుడు నేను ఒక ఉపాయం చేశాను. యాట లేకపోతే మొక్కు ఆగిపోతుందని తోచి, మేకపోతు తాడు విప్పి, దాని చెవిలో "పో" అన్నాను. అది నా మొహం నాకింది. చేలవైపు నెట్టాను. నాలుగడుగులు పోయి, ఎవరిదో కంది మండ కొరుక్కుని, మళ్లీ నా దగ్గరకే వచ్చి నిలబడింది. బండి కదిలితే తాడు లేకుండానే బండి వెనక నడిచి వచ్చింది.

"ఎంత బుద్ధిగ నడుస్తున్నదో సూడు అమ్మ యాట" అని దారిన పోయేవాళ్లు దండం పెట్టారు. నాకు ఏడుపొచ్చింది.

మామను ఒకసారి అడిగి చూశాను. "మామా, ఎనుకకు పోదాం."

"ఎందుకే?"

నన్ను ఇచ్చేస్తారన్న మాట పైకి అంటే నిజమైపోతుందని భయం.

చెరువు కనబడకముందే వినబడింది. ఎక్కడో పెద్ద బట్ట చింపుతున్నట్టు ఆగకుండా ఒకటే హోరు.

"మత్తడి దుంకుతుంది" అని మామ బండి మీద లేచి నిలబడ్డాడు. అతని మొహం వెలిగిపోయింది. చెరువు నిండి నీళ్లు పైనుంచి పొంగిపోతే మా దిక్కున అది పండుగ. ఆడవాళ్లు పూలు తెచ్చి మత్తడి నీళ్లలో వదులుతున్నారు. పిల్లలు తువ్వాలలు పట్టి చేపలు పడుతున్నారు. అందరూ నవ్వుతున్నారు. ఆ నీళ్లను దాటితేనే కట్ట మీదికి పోగలం. బండి మునుగుతుందని ఎడ్లను ఇవతలే విప్పేశారు. మామ మేకపోతును భుజాలకెత్తుకున్నాడు, బాపమ్మ నన్ను చంకనెత్తుకుని నీళ్లలో దిగింది. మోకాళ్లు, తొడలు, నడుము. నురగ నా పాదాలకు తగులుతోంది. ఆమె గుండె దడదడా కొట్టుకోవడం నా పక్కటెముకలకు తెలుస్తోంది. ఇక్కడే వదిలేస్తుందేమోనని ఆమె మెడ గట్టిగా వాటేసుకున్నాను. ఆమె అంతకంటే గట్టిగా పట్టుకుంది.

కట్ట మీద గద్దె చిన్నదే. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, కుంకుమ బొట్లు, పెద్ద వెండి కళ్లు. పక్కన జమిడిక వాయిస్తూ అమ్మ పూజ జరిపించే బైండ్లాయన, ఆయన భార్య. ఊదు పొగ, పసుపు వాసన, బోనం కుండలోని బెల్లం అన్నం వాసన. చెరువు నిండా గాలి లేచి అలలు కట్టను కొడుతున్నాయి. బాపమ్మ అమ్మకు చీర చుట్టి, గాజులు పెట్టి, నన్నూ మేకపోతునూ పక్కపక్కన నిలబెట్టింది. మొక్కు నా మీద ఉంది కాబట్టి నీళ్లు ఇద్దరి మీదా పోయాలని బైండ్లాయన అన్నాడు.

చెరువులో ముంచిన ఇత్తడి చెంబు నా నెత్తిన ఒంపారు. ఐసు నీళ్లు. పైనుంచి ఆ గాలి. పరికిణీ కాళ్లకు అతుక్కుపోయింది. నేను పళ్లు బిగించాను, పిడికిళ్లు బిగించాను, కాలివేళ్లతో మట్టిని పట్టుకున్నాను. వణికితే అమ్మ ఒప్పుకున్నట్టు. వణకను. చస్తే వణకను.

నా పక్కన మేకపోతు కూడా వణకలేదు. చెవుల నుంచి నీళ్లు కారుతుంటే నన్నే చూస్తోంది. నన్ను చూసి నేర్చుకుందా అనిపించింది.

"ఇంకో చెంబు పోయిన్రి" అన్నాడు బైండ్లాయన.

పోశారు. మళ్లీ పోశారు. జమిడిక వేగం పెరిగింది. మేకపోతు రాయిలా నిలబడింది. నేనూ నిలబడ్డాను. బాపమ్మ కొబ్బరికాయ కొట్టింది, చెంపలేసుకుంది, తప్పుంటే చెప్పమని అడిగింది. పొద్దు వాలుతోంది. బైండ్లాయన మొహంలో రంగు మారింది.

"ముసలమ్మా, అమ్మ పలుకుతలేదు. యాటను ఒప్పుకుంటలేదు" అన్నాడు నెమ్మదిగా. "పిల్లను ఇడువనంటున్నదో ఏమో."

మామ అప్పటిదాకా నవ్వుతున్నవాడు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

బాపమ్మ బైండ్లాయన చేతిలోంచి చెంబు లాక్కుంది. చెరువు మెట్టు దిగి నిండా ముంచుకుని వచ్చింది. గద్దె ముందు నిలబడి, గట్టిగా కూడా కాదు, ఇంటి పక్కామెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"తల్లీ, ముగ్గురిని తీసుకపోయినవ్. నేను నోరు తెరవలె. దీన్ని మాత్రం ఇయ్యను. దీన్ని కొనుక్కపోతందుకు వచ్చిన. నీకు మనిషే కావాలంటే నేను లేనా? నన్ను పట్టుకపో."

అని చెంబు తన నెత్తిన కుమ్మరించుకుంది.

నాకు అప్పుడు తెలిసింది, ఆమె నన్ను ఇవ్వడానికి రాలేదని. తెలిసిన మరుక్షణమే ఇంకో భయం నన్ను పట్టుకుంది. ఎందుకంటే బాపమ్మ వణుకుతోంది. తెల్ల జుట్టు మొహానికి అతుక్కుపోయి, రెండు రోజులు తిండి లేని ఆ పీలిక ఒళ్లు నెత్తి నుంచి కాలిదాకా వణుకుతోంది. జమిడిక ఆగిపోయింది. నేను ఉరికి ఆమె నడుము వాటేసుకుని, నాకున్న బలమంతా పెట్టి ఆ వణుకును ఆపాలని చూశాను.

"వణకకు బాపమ్మా. వణకకు."

"అది నా చేతుల లేదు బిడ్డ" అన్నది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

అప్పుడు మా వెనక మేకపోతు ఒళ్లంతా విదిలించింది. నీటి చుక్కలు మా అందరి మీదా పడ్డాయి. బైండ్లాయన పెద్దగా నిట్టూర్చి జమిడిక అందుకున్నాడు. ఆయన భార్య నన్ను బాపమ్మ నుంచి విడదీసి గద్దె పక్కన నిలబెట్టింది. బాపమ్మ వణుకుతున్న చేతులతో గద్దె మీద చాటెడు తవుడు పోసింది.

"ఏం కొంటున్నవ్?" అని బైండ్లామె ఆచారం ప్రకారం అడిగింది.

"పిల్లను."

"ఎవల పిల్ల?"

"నా పిల్ల" అని బాపమ్మ నన్ను లాక్కుంది.

వెనక ఏం జరిగిందో నేను చూడలేదు. బాపమ్మ నా మొహాన్ని తన తడి కొంగులో కప్పేసింది. తిరుగు ప్రయాణంలో బండి వెనక ఉత్త తాడు వేలాడుతోంది. వండిన కూర నేను ముట్టలేదు. ఆ మేకపోతు నా మీద పడాల్సింది తన మీద వేసుకుందని నాకు చాలా ఏళ్లు అనిపించింది. ఇప్పుడూ యాట కూర తినను.

మత్తడి మళ్లీ దాటి బండెక్కాక, నేను గూడులోంచి సగం బయటికి వంగి నురగలోకి చూశాను. వీపు మీద ఛెళ్లుమని ఒక్కటి పడింది. నా బతుకులో మొదటి దెబ్బ. బిత్తరపోయి చూస్తే బాపమ్మ.

"నీళ్ల కాడ ఆటలా? ఇగ నువ్వు నా పిల్లవు. మళ్ల వంగితే తంత" అన్నది.

మామ పగలబడి నవ్వాడు. "అత్తమ్మా, కొన్న దినమే మొదలువెట్టినవా?"

నేను దారి పొడుగునా ఏడ్చాను. నొప్పికి కాదు, ఆ దెబ్బ అంత సంతోషాన్నిచ్చింది. సిద్దిపేటలో బండి ఆపి మిర్చీలు కొనిస్తే లెక్కలేకుండా తిన్నాను. బాపమ్మ ఒక్కపొద్దు విడిచి నాతో పాటే తిన్నది.

అవ్వకు తమ్ముడు పుట్టాడు, బతికాడు. ఇల్లు మామూలుగా అయిపోయింది. నేను కూడా పక్కింటి పిల్లతో సమానంగా తన్నులు తిన్నాను. పెళ్లయ్యాక మా ఆయన కూడా కోపమొస్తే "తవుడుకు కొన్న పిల్ల" అని ఎగతాళి చేసేవాడు. కానీ ఆ రోజు కట్ట మీద ఇద్దరు వణికారు. అమ్మ ఎవరిని ఒప్పుకుందో ఎవరికీ తెలియదు. వానాకాలం వచ్చి, మామ ఊరి చెరువు మత్తడి దుంకుతోందని కబురొస్తే చాలు, నేను రాత్రి బాపమ్మ కొంగు నా చేతికి ముడేసుకుని పడుకునేదాన్ని. ఒకసారి అడిగేశాను కూడా.

"అమ్మ నిన్ను తీసుకపోతదా?"

"ముసల్దాన్ని తీస్కపోయి ఏం జేసుకుంటది? నన్ను అమ్మితే చాటెడు తవుడు గూడ రాదు" అని నవ్వింది.

ఆమె చాలా ఏళ్లు బతికింది. ఒక మండు వేసవిలో, నిద్రలో పోయింది. దినాలకు వచ్చిన మామ, ఆ ఏడు చెరువు చుక్క నీరు లేకుండా నెర్రెలు బారిందని చెప్పాడు. అన్నేళ్లూ నేను నీళ్లకు కాపలా కాశాను. అమ్మ ఎండిన చెరువులోంచి నడిచి వచ్చిందేమో అనుకున్నాను.

మా అబ్బాయి కారు ఆపిన చోటు అదే. నాకు బోర్డు చదవక్కర్లేదు, గుట్ట వరుస చూసి గుర్తుపట్టాను. పాత చెరువు, కట్ట, వేపచెట్టు, మామ ఊరు అన్నీ కొత్త జలాశయం నీళ్ల అడుగున ఉన్నాయి. అమ్మను పైకి తెచ్చి కొత్త కట్ట పక్కన టైల్స్ వేసి చిన్న గుడి కట్టారు. కానీ పాత గద్దె కిందనే ఉండిపోయింది. అబ్బాయీ కోడలూ ఫోన్లు తీసి ఫొటోలు మొదలుపెట్టారు. నేను కారులోనే కూర్చున్నాను.

మనవరాలు రెయిలింగు కింది కమ్మీ ఎక్కి, నీళ్ల మీదికి వంగింది. దానికిప్పుడు ఏడో ఏడు.

ఎప్పుడు దిగానో, చెప్పులు ఎక్కడ విడిచానో తెలియదు. కాళ్ల కింద తారు కాలుతుంటే పోయి దాని మణికట్టు పట్టుకుని కిందికి దింపాను.

"ఏం కాదమ్మా, అంత గట్టి గ్రిల్లు ఉన్నది గద" అన్నాడు అబ్బాయి.

"నానమ్మా, ఇడువు. నీ చెయ్యి సల్లగ, తడితడిగ ఉన్నది" అన్నది పిల్ల.

నేను నా చేతిని చూసుకున్నాను. బాపమ్మ చెయ్యి దారి పొడుగునా ఎందుకు అలా ఉందో ఇన్నేళ్లకు నా చెయ్యే నాకు చెప్పింది. ఆ రోజు బండిలో నాకంటే ఎక్కువ భయపడ్డ మనిషి నా పక్కనే కూర్చుంది.

గద్దె ఉండాల్సిన దిక్కు చూశాను. అంతా నీలంగా, ప్రశాంతంగా, ఫొటోలకు తగినట్టుగా ఉంది. దీన్ని మాత్రం ఇయ్యను, నేను లేనా అన్నాను. పెదాలు కూడా కదపలేదు. మొక్కులు నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నమ్మననే చెబుతాను. అయినా అన్నాను.

అదే అదను అనుకుంది పిల్ల. వాళ్లమ్మ చేతిలోని సీసా లాక్కుని, బెంచీ ఎక్కి, చల్లటి నీళ్లు నా నెత్తిన కుమ్మరించింది. ఎప్పటిలాగే నా మొహంలోకి తొంగి చూసింది.

"డాడీ, నానమ్మ వణుకుతుంది" అని చప్పట్లు కొట్టింది.

అబ్బాయి తువ్వాల తీసుకుని పరుగున వచ్చాడు. "గాలి బాగున్నది, కారెక్కమ్మా. గంతగనం వణుకుతున్నవేంది?"

నేను పళ్లు బిగించాను, పిడికిళ్లు బిగించాను. అది నా చేతుల్లో లేదు.